కొత్తగా ఏమీ నిర్మించకపోయినా ఇంటి పన్ను ఏటా ఎందుకు పెరుగుతోంది?

విజయవాడ భవానీపురంలోని మీ ఇంటికి కొత్త గది వేయకపోయినా పన్ను పెరగడానికి కారణం లెక్క మారడమే. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పన్నును అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ (స్థలం, కట్టడం విలువ) మీద వేస్తున్నారు. ఒకేసారి మోత పడకుండా పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్నారు. అందుకే కొత్త లెక్క ప్రకారం పూర్తి పన్నుకు చేరేదాకా ఏటా కొంత ఎక్కుతుంది.

1. నగరపాలక సంస్థ ఇచ్చే డిమాండ్ నోటీసు (పన్ను బిల్లు) తీయండి.

2. చాలామంది కట్టాల్సిన మొత్తం చూసి పక్కన పెట్టేస్తారు. దయచేసి కొలతలు, వాడకం చూడండి. ఒకప్పుడు షాపుకిచ్చిన కింది గదిలో ఇప్పుడు మీరే ఉంటున్నా, రికార్డులో ‘నివాసేతరం’ అనే ఉంటే ఎక్కువ రేటే పడుతుంది. చదరపు అడుగులను దస్తావేజుతో, ప్లానుతో పోల్చండి.

3. తేడా ఉంటే ఆ కాగితాలు జతచేసి నగరపాలక సంస్థలో రివిజన్ పిటిషన్ (పన్ను సవరించమని కోరే దరఖాస్తు) పెట్టండి, రసీదు తప్పక తీసుకోండి.

తేడా లేకపోతే ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్నంతా కట్టేయండి, 5 శాతం రాయితీ వస్తుంది.