మూడో కుర్చీకి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫ్లైట్ ఇంజినీర్ కోర్సుకు ఎంపికయ్యావని చెబితే మీ అత్తయ్య నమ్మలేదు. “ఆ ఉద్యోగం మీతోనే అంతరించిపోయింది కదా” అంది. ప్రయాణికుల విమానాల వరకు ఆవిడ మాట నిజమే. పెద్ద జెట్ విమానాలను ఇద్దరు పైలట్లతో నడపడంలో ప్రమాదం లేదని 1981లో అమెరికా అధ్యక్షుడు నియమించిన బృందం తేల్చేసింది. 1989లో బోయింగ్ 747-400 ఇద్దరితోనే సర్వీసులోకి వచ్చింది. పైలట్లిద్దరితో పాటు మూడో కుర్చీలో కూర్చుని ఇంజిన్లనూ మిగతా వ్యవస్థలనూ కనిపెట్టే మా పని కంప్యూటర్లకు వెళ్లింది. కానీ వాయుసేనలో ఐఎల్-76 రవాణా విమానాలు, ఎంఐ-17 హెలికాప్టర్లు ఎగురుతున్నన్నాళ్లు మూడో కుర్చీ ఉంటుంది. ఆడపిల్లకు ఇదెందుకు అనేవాళ్లకు నువ్వు జవాబు వెతుక్కోనక్కరలేదు. 2019లోనే ఫ్లైట్ లెఫ్టినెంట్ హీనా జైస్వాల్ యలహంకలో శిక్షణ ముగించి వాయుసేనలో తొలి మహిళా ఫ్లైట్ ఇంజినీర్ అయింది.

మా రోజుల్లో అర్హతలేమిటని అడిగావు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన ప్రకారం లైసెన్సు కావాలంటే అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో 100 గంటలు ఆ పని చేసి ఉండాలి. అందులో సగానికి మించి సిమ్యులేటర్‌లో చేస్తే లెక్కలోకి రాదు. అమెరికాలో 21 ఏళ్లు నిండాలి, రాతపరీక్ష, ప్రాక్టికల్ రెండూ గట్టెక్కాలి. అక్కడ ఆ పరీక్షల దాకా వెళ్లడానికి దారులు చాలా ఉండేవి. కొందరు మూడేళ్లు మెయింటెనెన్స్‌లో పనిచేసి వచ్చేవారు, కొందరు ఇంజినీరింగ్ డిగ్రీ మీద ఆరు నెలలు హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, గడిపి వచ్చేవారు, కొందరు పైలట్ లైసెన్సుతో వచ్చేవారు. పిస్టన్, టర్బోప్రాప్, జెట్ ఇంజిన్లకు వేర్వేరు రేటింగులు.

వీళ్లలో ఎవరు మేలంటే నేను హ్యాంగర్ నుంచి వచ్చినవాళ్లనే అంటాను. పైలట్‌గా వచ్చి ఈ కుర్చీని మెట్టుగా వాడుకున్నవాడి మనసు ఎప్పుడూ ముందున్న కో-పైలట్ సీటు మీదే ఉండేది. ఇది నా పక్షపాతం, పైలట్లెవరూ ఒప్పుకోరు. నీకు డిగ్రీ ఉంది కాబట్టి మిగిలింది హ్యాంగరే. సెలవు దొరికితే అక్కడికి వెళ్లు. గేర్‌బాక్స్‌లోంచి తీసిన అయస్కాంతపు ప్లగ్గును చేతిలోకి తీసుకుని చూడు. దానికి అంటుకున్నది మెత్తటి నుసి అయితే సహజమైన అరుగుదల, వేలికి గుచ్చుకునే రేకుముక్క అయితే లోపల బేరింగో పన్నో చితుకుతున్నట్టు. ఈ తేడా వేలికి తెలిసినవాళ్లకు, గాల్లో చిప్ లైటు, అంటే ఆ ప్లగ్గుకు లోహపు ముక్క అంటుకుందని చెప్పే దీపం, వెలిగితే అర్థం వేరుగా ఉంటుంది.

మేము చేసిన పని గురించి. బోయింగ్ 707లో కరెంటు జనరేటర్లను ఒకదానితో ఒకటి కలపడం నాకు మహా ఇష్టం. ప్యానెల్ మీద రెండు చిన్న దీపాలు మినుకుమంటుంటాయి. ఫ్రీక్వెన్సీ నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ పోతే మినుకు నెమ్మదిస్తుంది. రెండూ పూర్తిగా ఆరిన క్షణంలో బ్రేకర్ వేయాలి, వెలుగుతుండగా వేయకూడదు. మిగతాదంతా ఓపిక పని. ఏ ట్యాంకు ఇంధనం ముందు వాడాలి, రెక్కల్లో బరువు సమంగా ఉందా, క్యాబిన్‌లో గాలి పీడనం ఎంత, హైడ్రాలిక్స్, అంటే ద్రవపీడనంతో చక్రాలనూ ఇతర భాగాలనూ కదిపే వ్యవస్థ, ఎలా ఉంది. టేకాఫ్ సమయంలో మాత్రం కుర్చీ ముందుకు తిప్పుకుని, కెప్టెన్ తోసిన నాలుగు థ్రాటిళ్లనూ, అంటే ఇంజిన్ల శక్తిని పెంచి తగ్గించే మీటలను, మేమే లెక్కకు సర్దేవాళ్లం. కాంకార్డ్‌లోనైతే ధ్వనివేగం దాటేటప్పుడు బరువు కేంద్రాన్ని వెనక్కి జరపడానికి టన్నులకొద్దీ ఇంధనాన్ని తోకలోని ట్యాంకుకు పంపేది ఫ్లైట్ ఇంజినీరే.

ఎంఐ-17లో నువ్వు పైలట్లిద్దరి మధ్య ముందుకు చూస్తూ కూర్చుంటావు. అయినా అలవాటు చేసుకోవలసింది ఆ ఓపికే. మీటరులో మామూలు హద్దును చూపే పచ్చగీత లోపల ఉంది కదా అని ముల్లును వదిలేయకు. నిన్న ఎక్కడుంది, ఈరోజు ఎక్కడుంది అని చూడు. ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో స్వభావం ఉంటుంది, దాన్ని లాగ్‌లో అంకెలుగా రాసుకుంటేనే పట్టుబడుతుంది.

చూసింది చెప్పడం అంతకన్నా కష్టం. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయికి లేచిన ఎయిర్ ఇండియా 747 రెండు నిమిషాలైనా గడవకముందే బాంద్రా ఎదుట సముద్రంలో కూలింది. 213 మందిలో ఒక్కరూ మిగలలేదు. విమానం ఎటు ఒరిగిందో చూపే, కెప్టెన్ ముందున్న హొరైజన్ పరికరం చెడి విమానం కుడివైపు ఒరిగినట్టు చూపింది. ఆయన అది నమ్మి ఎడమకు తిప్పుతూ పోయారు. కింద చీకటి సముద్రం, బయట పోల్చుకోవడానికి ఏమీ లేదు. దాన్ని నమ్మవద్దని ఫ్లైట్ ఇంజినీర్ హెచ్చరించిన మాట వాయిస్ రికార్డర్‌లో ఉంది. కానీ అప్పటికే సమయం మించిపోయింది. ఆ స్థితిలో నీకు దొరికేది నాలుగు మాటల వ్యవధి. “అది తప్పు” అని ఆగకుండా ఏది చూడాలో అదే ఊపిరిలో చెప్పు. పెద్దవాళ్ల ముందు మాట నమిలే అలవాటు మనకుంది. “సార్, రెండో ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నట్టుంది” అనకు. “రెండో ఇంజిన్ ఆయిల్ టెంపరేచర్ పది డిగ్రీలు పెరిగింది, ఇంకా పెరుగుతోంది” అను. కెప్టెన్ విసుక్కుంటే విసుక్కోనీ, కిందకు దిగాక టీ తాగుతూ మర్చిపోతాడు.

దీనికి ఎదురు ప్రమాదం ఇంకొకటుంది, చిన్న లోపం అందరినీ మింగేయడం. 1972 డిసెంబరు 29న అమెరికాలో మయామీ దగ్గర ట్రైస్టార్ అనే ఒక ప్రయాణికుల జెట్‌లో ముందుచక్రం సూచిక దీపం వెలగలేదు. బల్బు మాడిందంతే. ఫ్లైట్ ఇంజినీర్ చక్రాన్ని చూడటానికి కాక్‌పిట్ కిందికి దిగాడు, పైలట్లు బల్బు మీద పడ్డారు. ఈలోగా ఆటోపైలట్ ఎత్తు పట్టు వదిలేసింది, విమానం మెల్లగా దిగి చిత్తడి నేలలో పడింది. ఏ స్నాగ్ (లోపం) వచ్చినా నీ మొదటి ప్రశ్న “ఎవరు నడుపుతున్నారు?” అని ఉండాలి.

ఏ స్విచ్చూ నోటితో చెప్పకుండా ముట్టుకోకు. ఇంజిన్ ఆపే లివర్ల దగ్గరైతే చెయ్యి వేసి, నంబరు పైకి చెప్పి, పైలట్ అవునన్నాకే లాగు. మంటలున్నా సరే, ఆ రెండు సెకన్లు ఆగు. బాగున్న ఇంజిన్‌ను ఆపేసిన చరిత్ర లోకంలో తక్కువేమీ లేదు.

చివరగా, చెవులు. వేడిగా ఉందనో జుట్టు చెదురుతుందనో హెల్మెట్ తీసి హెలికాప్టర్ పక్కన నిలబడకు. మా తరం ఆ జాగ్రత్త తీసుకోలేదు. ఇప్పుడు వంటింట్లోంచి మీ అత్తయ్య పిలిస్తే నాకు సగం వినపడదు, మిగతా సగం విననట్టు ఉండటానికి అది పనికొస్తోంది. హైడ్రాలిక్స్ పాఠాలు మొదలయ్యాక ఫోను చెయ్యి, గట్టిగా మాట్లాడు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య