పాత గుడి రాళ్లకు, శాసనాలకు ఊరి యువకులు రంగులు వేయొచ్చా?

వేయకూడదు, ముళ్లకంప కొట్టడం, చెత్త ఎత్తడం, కాపలా కాయడం వరకే మన పని, రాతి జోలికి పోవద్దు. శాసనంలో అక్షరం లోతు చాలా తక్కువ. పండగకోసారి సున్నం పూస్తూ పోతే గాట్లు పూడిపోయి చదవలేం. ఎనామిల్ పెయింటైతే ఇంకా నష్టం: లోపలి తేమ బయటికి రాక రాయి పైపొర పెచ్చులుగా ఊడుతుంది.

ఉదాహరణకు నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం లాంటి చోట గోడ సందులో రావి మొక్క మొలిచిందనుకోండి. పీకేయాలనిపిస్తుంది. కానీ వేరు లోపలికి దిగి ఉంటే రాయే కదిలిపోతుంది. ఫోటో తీసి పురావస్తు శాఖకు చెప్పడమే మంచిది.

సున్నం రాతిని కాపాడుతుందని చాలామంది నమ్ముతారు. మట్టిగోడకు మేలే, చెక్కిన రాతికి కాదు.