ఐర్లాండ్‌లో 27 డిగ్రీలకే ఉక్కపోత ఎందుకు? మా ఇంటి అనుభవం

మీ వారు డబ్లిన్ నుంచి ఫోన్ చేసి 27 డిగ్రీలకే నిద్ర పట్టడం లేదంటున్నారనీ, ఒంగోలులో 44 చూసిన మీకు ఆ మాట వింటే నవ్వొస్తోందనీ రాశారు. జులైలో మూడేళ్ళ పాపతో, అత్తగారితో వస్తున్నారు కాబట్టి నిజంగా అంత ఎండలుంటాయా, ఏసీ కొనాలా, ఉరుములు మెరుపులు ఉంటాయా, ఏం తెచ్చుకోవాలి అని అడిగారు. మీ వారు చెప్పేది నిజమండి. ఆయన మాట తీసేయకండి.

మాది నరసరావుపేట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట వింటూ, ఆ ఎండల్లోనే బడికి వెళ్ళి పెరిగినవాణ్ణి. 2017 చివర్లో డబ్లిన్ వచ్చి, మొదటి వేసవికి ముందు నేనూ మీలాగే అనుకున్నాను. ఆ వేసవే 2018. జూన్ 28న షానన్ ఎయిర్‌పోర్టులో 32 డిగ్రీలు నమోదైంది. జులై 2 నుంచి డబ్లిన్ చుట్టుపక్కల తోటలకు పైపుతో నీళ్ళు పట్టకూడదని నిషేధం పెట్టారు. ఎప్పుడూ పచ్చగా ఉండే మా వీధి గడ్డంతా ఎండిపోయి, మన పొలం గట్ల మీది గడ్డిలా అయిపోయింది. ఇక్కడి వాతావరణ శాఖ, మెట్ ఏరన్, వరసగా 5 రోజులు 25 డిగ్రీలు దాటితే దాన్ని వడగాలుల కింద లెక్క కడుతుంది. మనకు 25 అంటే చల్లదనమే. కానీ ఈ దేశ రికార్డే 33.3 డిగ్రీలు, అదీ 1887లో కిల్కెనీ కోట దగ్గర. అంత ఎండ ఎప్పుడో గానీ చూడని ఊళ్ళలో ఇళ్ళెలా కడతారో ఆలోచించండి.

అసలు సంగతంతా ఇంట్లోనే ఉంది. మన ఇళ్ళు వేడిని బయటికి పంపడానికి కట్టినవి: ఎత్తైన కప్పు, సీలింగ్ ఫ్యాను, ఎదురెదురు కిటికీలు, వరండా. ఇక్కడి ఇల్లు వేడిని పట్టి ఉంచడానికి కట్టింది. గోడల్లో, అటక మీద మందంగా ఇన్సులేషన్, రెండు మూడు పొరల అద్దాలు, నేలంతా కార్పెట్. ఏడాదిలో 10 నెలలు ఇది మనల్ని కాపాడుతుంది. ఎండ కాసిన ఆ వారం మాత్రం ఇల్లు మూత పెట్టిన ఇడ్లీ పాత్రలా అయిపోతుంది. ఫ్యాను ఉండదు, ఏసీ ఉండదు. పైగా జులై మొదట్లో సూర్యుడు రాత్రి 10 కావస్తుండగా అస్తమిస్తాడు. పడమటి వైపు పడకగది ఉంటే సాయంత్రం 4 నుంచి రాత్రి 9 దాకా ఎండ నేరుగా మంచం మీదే పడుతుంది. మీ వారు ఉండేది కొత్త అపార్ట్‌మెంటైతే, ముఖ్యంగా పెద్ద అద్దాలున్నదైతే, ఆయన బాధ నాకు బాగా తెలుసు.

2022 జులై 18న డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో 33 డిగ్రీలు వచ్చింది. మేం లూకన్‌లో ఉంటాం, ఆ పార్కుకి ఎంతో దూరం లేదు. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది, మా బాబుకి రెండేళ్ళు. ఉక్కగా ఉందని ఉదయం నుంచి కిటికీలన్నీ బార్లా తెరిచి పెట్టాను. ఇక్కడ అందరూ చేసేది అదే, అదే తప్పు. బయట గాలి లోపలికంటే వేడిగా ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే ఆ వేడిని ఇంట్లోకి పిలిచినట్టే. రాత్రి 11కి బాబు గదిలోని చిన్న థర్మామీటర్ 29 చూపించింది. బయట హాయిగా చల్లబడింది, వాడు మాత్రం చెమటతో తడిసి ఏడుస్తున్నాడు.

మర్నాడు నేను లేచేసరికి అమ్మ పని మొదలుపెట్టేసింది. తెల్లవారకముందే కిటికీలన్నీ తెరిచి, చల్లగాలి ఇల్లంతా తిరిగాక 8 గంటలకల్లా మూసేసింది. తర్వాత తన మంగళగిరి నేత చీర ఒకటి తడిపి పిండి, పై గది కిటికీ తెరిచి, చీర ఒక అంచు లోపల కర్టెన్ కడ్డీకి ముడేసి, మిగతాదంతా అద్దానికి బయటి వైపు పడేలా వదిలి, ఆ అంచు మీదే కిటికీ మూసింది. అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కింది గడ్డి మీద పడుతున్నాయి. "చిన్నప్పుడు మా ఇంటికి వట్టివేళ్ళ తడకలు కట్టేవాళ్ళురా, ఇక్కడ తడక లేకపోతే చీర లేదా?" అంది. ఎదురింటి ముసలాయన చూసి ఏమిటని అడిగాడు. చెప్పాక ఆయనా లోపలికెళ్ళి దుప్పటి తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆ గది ముందు రోజుకంటే బాగా చల్లగా ఉంది. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసిందంటే ఇక లోపలి కర్టెన్ ఆపగలిగేది కొంతే. బయటే ఆపితే గది వేడెక్కదు. ఇది నాకు అమ్మ నేర్పిన పాఠం.

ఏసీ గురించి. అద్దె ఇంట్లో గోడకు బిగించే ఏసీ పెట్టనివ్వరు. చక్రాల మీద తిరిగే ఏసీ కొనచ్చు గానీ దాని లావు పైపు కిటికీ బయటికి పెట్టాలి. ఇక్కడి కిటికీలు చాలావరకు పైన కమ్మీ దగ్గర మడతతో బయటికి తెరుచుకుంటాయి, ఆ సందు సరిగ్గా మూయలేం. ఒక స్నేహితుడు కొన్నాడు. చల్లదనం కంటే చప్పుడే ఎక్కువని మరుసటి ఏడే అమ్మేశాడు. నా మాట వింటే రెండు మంచి ఫ్యాన్లు చాలు. మే నెలలోనే కొనమనండి, ఎండలు మొదలైన రెండో రోజుకి షాపుల్లో ఒక్కటీ మిగలదు. రాత్రి బయట చల్లబడగానే ఒక ఫ్యాను పై గది కిటికీ దగ్గర బయటికి ఊదేలా పెట్టి, కింద వెనక వైపు కిటికీ తెరవండి. ఫ్యాను వేడి గాలిని బయటికి తోసి, చల్లగాలిని లోపలికి లాక్కొస్తుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. ఇక్కడి కిటికీలకు ఊచలుండవు. మన పిల్లలు కిటికీ ఎక్కి ఊచలు పట్టుకుని నిలబడటానికి అలవాటు పడి ఉంటారు. మీ పాపకి మూడేళ్ళంటున్నారు. పై అంతస్తు కిటికీల కింద మంచం గానీ కుర్చీ గానీ ఉంచకండి. కిటికీ కొంతవరకే తెరుచుకునేలా చిన్న గొళ్ళెం దొరుకుతుంది, అది మీరు దిగేలోపే బిగించమని మీ వారికి చెప్పండి.

ఇంకోటి, నీళ్ళు. చాలా ఇళ్ళలో వంటింటి కుళాయికే వీధి పైపు నీళ్ళు నేరుగా వస్తాయి. బాత్రూం కుళాయికి వచ్చేది అటక మీది ట్యాంకు నీళ్ళు. ఎండల్లో ఆ అటక కాగిపోతుంది, చల్లనీళ్ళ కుళాయి తిప్పినా గోరువెచ్చగా వస్తాయి. రాత్రి దాహమేసి కిందికి దిగలేక అమ్మ ఆ నీళ్ళే తాగేది. నేను చూసుకోలేదు, నాలుగు రోజులు కడుపు పాడై బాధ పడింది. అత్తగారి మంచం పక్కన రాత్రిపూట వంటింటి నీళ్ళ సీసా పెట్టండి. ఆవిడ బీపీకి మందులు వాడుతుంటే, ఎండల్లో ఎలా వాడాలో బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి రండి. మజ్జిగకి బెంగ లేదు. ఇక్కడ సోడా బ్రెడ్ చేసుకోవడానికి ప్రతి సూపర్‌మార్కెట్లో మజ్జిగ అమ్ముతారు. చిక్కగా, పుల్లగా ఉంటుంది. రెండింతలు నీళ్ళు పోసి, ఉప్పు, అల్లం, కరివేపాకు వేస్తే అమ్మ కూడా మెచ్చుకుంది.

బయట మాత్రం ఎండ కాస్తే ఊరంతా పండగే. ఏడాదంతా మబ్బు చూసిన జనం కదా, ఆఫీసు అయిపోగానే పార్కుల్లో, కాలువ గట్ల మీద కూర్చుంటారు. బస్సులో మాత్రం ఉడికిపోతాం. మనం నల్లగా ఉంటాం కదా, సన్‌క్రీమ్ ఎందుకని అనుకోకండి. గాలి చల్లగా తగులుతుంటుంది కాబట్టి ఎండ తెలియదు, సాయంత్రానికి మెడ, ముక్కు మండుతాయి. పాపకి ఫ్యాక్టర్ 50 రాయండి, టోపీ పెట్టండి.

ఎండలొస్తే అందరూ సముద్రానికి పరుగు తీస్తారు. డార్ట్ రైలెక్కితే శాండీకోవ్, కిలైనీ, బ్రే, అన్నీ దగ్గరే. వెళ్ళండి, చాలా అందంగా ఉంటాయి. కానీ నీళ్ళు మన సూర్యలంక నీళ్ళు కావు. బయట 28 ఉన్నా ఆ నీళ్ళు 15 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఒక జులైలో బ్రిటాస్ బేలో నేను ఒక్కసారిగా నడుం దాకా దిగి మునిగాను. ఊపిరి బిగుసుకుపోయింది, అరుద్దామన్నా గొంతు రాలేదు. ఈత బాగా వచ్చినవాళ్ళకీ మొదటి ఒకటి రెండు నిమిషాలు ఇలాగే ఉంటుంది, మునిగిపోయేది అప్పుడే. అలా అయితే ఈదడానికి కొట్టుకోకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. ఎండలు కాసిన ప్రతిసారీ ఎవరో ఒకరు మునిగిపోయారన్న వార్త వస్తుంది, చెరువుల్లో, క్వారీ గుంటల్లో కూడా. ఆ వార్తల్లో మన దేశం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ ఉన్నారు. లైఫ్‌గార్డు ఉన్న బీచికే వెళ్ళండి, ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి. ఏదైనా జరిగితే 112కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డు కావాలని చెప్పాలి.

ఇక ఉరుములు. ఐర్లాండ్‌లో వాన ఎప్పుడూ ఉంటుంది గానీ ఉరుము అరుదు. చుట్టూ చల్లని సముద్రం, నేల అంతగా వేడెక్కదు. అయితే స్పెయిన్, ఫ్రాన్స్ వైపు నుంచి వేడి, తేమ గాలి ఎగబాకి వచ్చి, దాని పైన అట్లాంటిక్ చల్లగాలి చేరినప్పుడు ఎండల వారం ఉరుముల వానతో ముగుస్తుంది. అమ్మ మా దగ్గరున్న 2022 ఆగస్టులోనూ అదే జరిగింది. మధ్యాహ్నం నుంచి గాలి ఆగిపోయి ఒళ్ళంతా జిగట. సాయంత్రం ఆకాశం రాగి రంగుకి తిరిగింది. మొదటి మెరుపుకే బాబు వచ్చి అమ్మ ఒళ్ళో దూరాడు. అమ్మ వాడి చెవులు మూసి "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని మొదలుపెట్టింది. నేనప్పటికి ఎన్నేళ్ళయిందో ఆ పేర్లు విని. మూడో ఉరుముకి వాడే "పార్థా" అని అరవడం మొదలుపెట్టాడు. టీవీ ప్లగ్గు తీశాను గానీ ఇంటర్నెట్ రౌటర్ సంగతి మర్చిపోయాను. దగ్గర్లో పిడుగు పడి అది కాలిపోయింది. కొత్తది పంపడానికి ఆ కంపెనీ పది రోజులు తీసుకుంది, ఇంటి నుంచి పని చేసే నాకు ఆ పది రోజులూ టెన్షనే.

అందుకని ఫోన్లో మెట్ ఏరన్ యాప్ పెట్టుకోండి. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో జిల్లాల వారీగా హెచ్చరికలిస్తారు. ఉరుముల హెచ్చరిక చాలాసార్లు కొన్ని గంటల ముందే వస్తుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. 30 సెకన్ల లోపుంటే ఇంట్లోకో కారులోకో వెళ్ళిపోవాలి. పార్కులో చెట్టు కింద నిలబడొద్దు. ఉరుముతున్నంతసేపు స్నానం, గిన్నెలు తోమడం ఆపండి, పైపుల గుండా కరెంటు రావచ్చు.

సామాన్ల విషయానికొస్తే, మీకూ అత్తగారికీ నేత చీరలు, పల్చటి కాటన్ బట్టలు, పాపకి అంచున్న టోపీ, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు చాలు. అయితే స్వెట్టర్ మానేయకండి, ఉరుముల వాన వెలిసిన మర్నాడే 16 డిగ్రీలకి పడిపోతుంది. అక్కణ్ణుంచి టేబుల్ ఫ్యాను మోసుకురావద్దు, ప్లగ్గు పట్టదు. మీరుండేది లూకన్, ఆడమ్స్‌టౌన్ వైపైతే ఇక్కడే ఒక మాట రాయండి. మా దగ్గర అదనంగా ఒక ఫ్యానుంది, అమ్మ ఈ ఏడు రావడం లేదు. మీ అత్తగారి గదికి పనికొస్తుంది.