టమాటా పొలం దగ్గర మొదలుపెట్టు

తమ్ముడికి,

స్పెయిన్‌లో అమెరికా సైనిక స్థావరాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ మొదటి పేజీలోనే స్పెయిన్ నియంత ఫ్రాంకో డబ్బుకోసం నేల ఇచ్చేశాడని తేల్చేశావు. నాకు అక్కడే మనసొప్పలేదు.

1953 సెప్టెంబరులో అమెరికాతో స్థావరాల ఒప్పందం మీద సంతకాలు పెట్టేనాటికి స్పెయిన్‌ను దగ్గరికి రానిచ్చే దేశాలు తక్కువ. ఐక్యరాజ్య సమితిలో చోటు దొరికింది కూడా 1955లోనే. అలాంటి ప్రభుత్వం పక్కన అమెరికా వచ్చి నిలబడటం డాలర్లకంటే పెద్ద లాభం. టోరెహోన్, సరగోసా, మొరోన్, రోటా స్థావరాల మీద ఎగిరేది స్పెయిన్ జెండానే అని పైకి రాసుకున్నారు. జనానికి చూపించని ఇంకో కాగితంలో మాత్రం, కమ్యూనిస్టు దాడి జరిగితే స్థావరాలను వాడుకునే నిర్ణయం అమెరికాకే వదిలేశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టు చాలు, నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

చదువుల సంగతి ఒక్క లైనులో దాటేశావేం? ఆ రెండు దేశాల మధ్యే కుదిరిన 1970 ఒప్పందంలో రక్షణతో పాటు విద్య, సంస్కృతి, విజ్ఞానశాస్త్రం కూడా చేరాయి. 1976 నాటి ఒప్పందంలో ఐదేళ్లకు 122 కోట్ల డాలర్లు, అందులోనూ ఎక్కువ భాగం అప్పులు. చదువులకీ, సంస్కృతికీ, పరిశోధనకీ కలిపి వచ్చింది మూడున్నర కోట్ల డాలర్లు. చిన్న మొత్తమే, కానీ ఎర అని కొట్టిపారేయకు. స్కాలర్‌షిప్‌తో అమెరికా వెళ్లిన కుర్రాడికి అదే జీవితం. ఆ కుర్రాణ్ణి చూపించే నియంతృత్వం మంచిపేరు కూడా తెచ్చుకుంది. రెండూ రాయాలి. ఆ స్కాలర్‌షిప్‌లకు ఎవరి పేరుందో ఆ అమెరికా సెనేటర్ ఫుల్‌బ్రైటే 1970 ఒప్పందాన్ని సెనేట్ ఆమోదం లేకుండా కుదుర్చుకోవడాన్ని తప్పుపట్టాడు. ఇంత మంచి సంగతి నీ కంట పడకపోవడం నాకు బాధేసింది.

నా మొదటి రోజుల్లో ఇలాంటి వ్యాసమే ఒకటి మంత్రుల సంతకాలతో ముగించాను. ఒక పాఠకుడు కార్డు రాశాడు: "ఆ ఊళ్లోవాళ్లు ఏమయ్యారండీ?" జవాబు నా దగ్గర లేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

నీకు ఆ ఊరు ఉంది. పేరు పలోమారెస్, స్పెయిన్ ఆగ్నేయ తీరంలో ఉంది. 1966 జనవరి 17న గాల్లో ఇంధనం నింపుకోబోయిన అమెరికా బి-52 బాంబర్, ఆ ఇంధనం ఇవ్వడానికి మొరోన్ నుంచి లేచిన ట్యాంకర్ విమానం ఢీకొన్నాయి. ఏడుగురు విమాన సిబ్బంది చనిపోయారు. నాలుగు హైడ్రోజన్ బాంబులు కింద పడ్డాయి. అవి అణుబాంబుల్లా పేలలేదు గానీ, రెండు బద్దలై రేడియోధార్మిక ప్లుటోనియం దుమ్ము పొలాల మీద పరుచుకుంది. కోతకొచ్చిన టమాటాలు పారేశారు. మట్టిని తవ్వి 4,810 పీపాల్లో నింపి ఓడెక్కించి అమెరికాకు తీసుకుపోయారు. మార్చిలో స్పెయిన్ మంత్రి ఫ్రాగా, అమెరికా రాయబారి అక్కడి సముద్రంలో దిగి ఈదారు, భయం లేదని చెప్పడానికి. ఆ ఫోటో గురించి అందరూ రాశారు. నువ్వు ఆ ఒడ్డున ఆగిపోకుండా పొలంలోకి నడు. టమాటాలు పోయిన రైతుకి 1970 ఒప్పందంలోని విద్యా సహకారం ఏ రూపంలో చేరిందో, అసలు చేరిందో లేదో వెతుకు.

మొదటి రెండు పేజీలు తీసేసి, ఆ పొలం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. తొందరేం లేదు. పూర్తయ్యాక పంపు, వెంటనే చదువుతాను.

నీ అన్నయ్య