పొట్టలో గట్టిపడే కొవ్వు పొర: అండాశయ క్యాన్సర్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా పెద్దమ్మకు అండాశయ క్యాన్సర్ మూడో దశలో ఉందని తేలింది. ఆపరేషన్ అయ్యాక సర్జన్ గారు, "పొట్టలో కొవ్వు పొరంతా అట్టకట్టి గట్టిపడిపోయింది, మొత్తం తీసేశాం" అన్నారు. జబ్బు అండాశయంలో ఉంటే కొవ్వు పొర గట్టిపడటమేమిటి డాక్టర్ గారూ? ఆ గట్టిదనం జబ్బు ముదిరిందనడానికి గుర్తు మాత్రమేనా, దానివల్ల వేరే హాని కూడా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సర్జన్ గారు చెప్పిన పొరను ఒమెంటమ్ అంటారు. జీర్ణాశయం అంచు నుంచి కిందికి వేలాడుతూ పేగులను ముందువైపు కప్పి ఉంచే పొర ఇది. మేకను కోసినచోట పేగుల మీద తెల్లని వలలా కనిపించే కొవ్వును చూసినవారికి దీని రూపం వెంటనే గుర్తుకొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఇది చాలా మెత్తగా, ఎటు కదిపితే అటు కదిలేలా ఉంటుంది.

అండాశయ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది హై గ్రేడ్ సీరస్ రకం. పేరు అండాశయానిదే అయినా, ఈ రకం చాలామందిలో ఫెలోపియన్ ట్యూబు చివరి కుచ్చులలో మొదలవుతుందని ఇప్పుడు పరిశోధకులు భావిస్తున్నారు. ఈ కణాలు ఎక్కువగా రక్తం ద్వారా కాక, పొట్టలోని ద్రవంలో తేలుతూ వెళ్లి చుట్టుపక్కల పొరల మీద దిగుతాయి. అలా దిగే చోట్లలో ముఖ్యమైనది ఒమెంటమ్. అక్కడి కొవ్వు కణాలు విడుదల చేసే రసాయనాలు క్యాన్సర్ కణాలను ఆకర్షిస్తాయని, వచ్చి చేరిన క్యాన్సర్ కణాలు ఆ కొవ్వునే ఇంధనంగా వాడుకుంటాయని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపించారు. క్రమంగా కొవ్వు కణాలు కనుమరుగై, వాటి స్థానంలో పీచు కణజాలం పేరుకుంటుంది. సర్జన్ గారి చేతికి తగిలిన గట్టి అట్ట అదే.

ఈ గట్టిదనమంతా క్యాన్సర్ కణాలదేనని చాలామంది అనుకుంటారు. కానీ విడిగా కొలిచి చూస్తే క్యాన్సర్ కణం మెత్తనిది. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2012లో అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపుతో ఒక్కొక్క కణాన్నీ నొక్కి చూసినప్పుడు, అండాశయ క్యాన్సర్ కణాలు మామూలు కణాలకంటే మెత్తగా ఉన్నాయి. వాటిలోనూ వ్యాపించే గుణం ఎక్కువగా ఉన్నవి మరింత మెత్తగా ఉన్నాయి. ఇరుకు సందుల్లోంచి దూరిపోవడానికి ఆ మెత్తదనం పనికొస్తుంది. గట్టిదనం వచ్చేది కణాల చుట్టూ ఉండే అల్లికనుంచి. దాన్ని అల్లేవి ప్రధానంగా ఫైబ్రోబ్లాస్టులు, అంటే రోగి శరీరానికే చెందిన, మామూలుగా గాయాలను మాన్పే కణాలు. క్యాన్సర్ కణాలు విడుదల చేసే టీజీఎఫ్ బీటా వంటి సంకేతాలు అందగానే ఇవి కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్లను విపరీతంగా తయారుచేస్తాయి. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ కొల్లాజెన్ పోగుల మధ్య అడ్డబంధాలు వేసి బిగిస్తుంది. గాయం మానాక ఆగిపోవలసిన పని ఇక్కడ ఆగదు.

ఇక మీ ప్రశ్నలోని రెండో భాగం. గట్టిదనం గుర్తు మాత్రమే కాదు, అది జబ్బులో పాలుపంచుకుంటుంది కూడా. ప్రతి కణం మీదా ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లు ఉండి, చుట్టూ ఉన్న అల్లికను పట్టుకుని లాగుతూ అది ఎంత బిగువుగా ఉందో కనిపెడతాయి. బిగువు ఎక్కువైతే లోపల ఫ్యాక్ అనే ఎంజైము చురుకవుతుంది. యాప్, టాజ్ అనే ప్రోటీన్లు కేంద్రకంలోకి చేరి, పెరుగుదలకు సంబంధించిన జన్యువులను పనిలోకి దింపుతాయి. ఫైబ్రోబ్లాస్టులు కూడా ఇదే పద్ధతిలో గట్టిదనాన్ని గ్రహించి మరింత కొల్లాజెన్ తయారుచేస్తాయి కాబట్టి, ఒకసారి మొదలైన బిగువు తనను తానే పెంచుకుంటుంది. పీచు పెరిగినకొద్దీ గడ్డలోని సన్నని రక్తనాళాలు నలిగిపోతాయి. అప్పుడు కీమో మందు లోపలిదాకా చేరదు, ఆక్సిజన్ తగ్గుతుంది, క్యాన్సర్‌ను చంపవలసిన టీ కణాలు కొల్లాజెన్ పోగుల దగ్గరే చిక్కుకుపోతాయి.

లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన బార్ట్స్ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. జబ్బు స్వల్పంగా సోకినవి మొదలుకొని పూర్తిగా ఆక్రమించినవాటిదాకా ఒమెంటమ్ ముక్కలను సేకరించి, ఒక్కో ముక్కలోనే గట్టిదనాన్ని, జన్యువుల పనితీరును, ప్రోటీన్లను, కణాల సంఖ్యను వారు కలిపి కొలిచారు. అల్లికకు సంబంధించిన 22 జన్యువుల పనితీరును బట్టి, తక్కువకాలం జీవించే రోగులను గుర్తించగలిగారు. అండాశయ క్యాన్సర్‌లోనే కాక మరో 12 రకాల గడ్డలలోనూ అదే తీరు కనిపించింది.

అయితే గట్టిదనం పెరిగితే చెడు, తగ్గితే మంచి అని సూత్రం రాసుకోవడానికి వీల్లేదు. వ్యాపించే గుణమున్న అండాశయ క్యాన్సర్ కణాలు గట్టి ఉపరితలం మీదకంటే మెత్తని ఉపరితలం మీదే ఎక్కువ దూకుడు చూపాయని జార్జియా టెక్‌కే చెందిన మరో బృందం 2014లో ప్రచురించింది. మెత్తని కొవ్వు పొరను వెతుక్కుంటూ వచ్చే జబ్బు ఇలా ప్రవర్తించడం నాకు వింతగా తోచదు. స్థిరపడేదాకా మెత్తదనమూ, స్థిరపడ్డాక గట్టిదనమూ దానికి ఉపకరిస్తున్నాయని నా అభిప్రాయం.

ప్రశ్న: నాకు ఫ్యాటీ లివర్ ఉందని ఫైబ్రోస్కాన్ చేసి, కాలేయం గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో చెప్పారు. అదేవిధంగా అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టుకోవచ్చు కదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ప్రస్తుతానికి వీలుకాదు. కాలేయం పెద్ద అవయవం, పక్కటెముకల కిందే దొరుకుతుంది. అండాశయాలు చిన్నవి, కటిలో లోతుగా ఉంటాయి, నెలసరిని బట్టి మారుతుంటాయి. పైగా ఈ జబ్బులో పొట్టలో నీరు చేరడం సాధారణం. నీరున్న పొట్టలో ఫైబ్రోస్కాన్ కాలేయానికే సరిగా పనిచేయదు. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలకు సంవత్సరాల తరబడి సీఏ 125 రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేసి చూసిన పరిశోధనలో కూడా, ఆ ముందస్తు పరీక్షలవల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేలింది.

ప్రశ్న: మా అమ్మగారికి కార్బోప్లాటిన్‌తో కీమో నడుస్తోంది. లోసార్టాన్ అనే బీపీ మాత్ర గడ్డను మెత్తబరుస్తుందని చదివాను. నాన్నగారు రోజూ అదే వేసుకుంటారు. అమ్మకు కూడా ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ అంతట మీరు ఇవ్వకండి. మీరు చదివినదానికి ఆధారం లేకపోలేదు. గడ్డలోని బిగువు రక్తనాళాలను ఎలా నలిపేస్తుందో దశాబ్దాలుగా పరిశీలిస్తున్న రాకేశ్ జైన్, కాన్పూర్ ఐఐటీలో చదివి బోస్టన్‌లో స్థిరపడిన శాస్త్రవేత్త. ఆయన పనిచేసే మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు 2019లో అండాశయ క్యాన్సర్ ఉన్న ఎలుకలకు లోసార్టాన్ ఇచ్చినప్పుడు పీచు తగ్గింది, కీమో బాగా పనిచేసింది, పొట్టలో నీరు తగ్గింది. అదే ఏడాది క్లోమ క్యాన్సర్ ఉన్న 49 మందికి కీమో, రేడియేషన్లతో కలిపి ఇచ్చి ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు. కానీ అందులో లోసార్టాన్ లేకుండా చికిత్స పొందిన వర్గంతో పోలిక లేదు, జబ్బూ వేరు. కీమోవల్ల వాంతులై ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్ర వేస్తే బీపీ పడిపోవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, రక్తంలో పొటాషియం పెరగవచ్చు.

పీచు మీద నేరుగా దాడి చేసిన మందుల చరిత్ర కూడా మనల్ని తొందరపడనివ్వదు. లైసిల్ ఆక్సిడేజ్ కుటుంబానికి చెందిన ఒక ఎంజైమును అడ్డుకునే సిమ్టుజుమాబ్ క్లోమ, పెద్దపేగు క్యాన్సర్లలో ప్రయోజనం చూపలేదు. క్లోమ క్యాన్సర్ ఉన్న ఎలుకలలో ఫైబ్రోబ్లాస్టులను తొలగించి చూస్తే జబ్బు తగ్గకపోగా మరింత దూకుడుగా పెరిగిందని 2014లో వెల్లడైంది. ఆ అల్లిక కొంతమేరకు జబ్బును కట్టడి కూడా చేస్తోందన్నమాట. అల్లికను కరిగించడం మాని, దాని బిగువును కణం గ్రహించే మార్గాన్ని మూసివేయడం మెరుగైన ఆలోచన అనిపిస్తోంది. ఫ్యాక్‌ను అడ్డుకునే డిఫాక్టినిబ్‌కు, అవుటోమెటినిబ్ అనే మరో మందుతో కలిపి, 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సత్వర అనుమతి ఇచ్చింది. అయితే అది కేరాస్ జన్యుమార్పు ఉండి, తిరగబెట్టిన లో గ్రేడ్ సీరస్ (నెమ్మదిగా పెరిగే) రకానికి మాత్రమే. అమ్మగారిది ఏ రకమో బయాప్సీ రిపోర్టులో ఉంటుంది. మీ ఆంకాలజిస్టు గారిని అడగండి.

ప్రశ్న: పొట్ట గట్టిగా, ఉబ్బినట్టు ఉంటే ఆముదం రాసి మర్దన చేయమని మా అత్తయ్యగారు అంటున్నారు. ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చర్మం మీద రాసిన నూనె పొట్ట లోపలి కొల్లాజెన్ బంధాలను విప్పలేదు, ఉబ్బిన పొట్టను కారణం తెలియకుండా గట్టిగా నొక్కడం కూడా మంచిది కాదు. మీ వయసు, మిగతా లక్షణాలు రాయలేదు కాబట్టి ఒక్క మాట చెబుతాను. ఉబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, తరచుగా లేదా ఆపుకోలేనట్టుగా మూత్రం రావడం – వీటిలో ఏదైనా ఏడాదిలోపే కొత్తగా మొదలై, నెలకు 12 రోజులకు మించి బాధిస్తుంటే గ్యాస్ మాత్రలతో కాలం గడపకుండా గైనకాలజిస్టును కలిసి అల్ట్రాసౌండ్, సీఏ 125 పరీక్షలు చేయించుకోండి. తల్లి, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా అండాశయ లేదా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి మొదటిసారి కలిసినప్పుడే డాక్టరుకు చెప్పండి.