మిత్రుడికి లేదన్న చేబదులు, అమ్ముకున్న శనివారాలు

ప్రశ్న: నా వయసు 44. ఏటా డిసెంబర్ చివర్లో ఆస్తులు, అప్పుల పట్టిక వేసుకుంటాను. ఈసారి అనుకున్న అంకె దాటింది. ఆ సంతోషం చెప్పుకుందామని ఫోన్ తీస్తే ఎవరికి చెయ్యాలో తోచలేదు. రెండేళ్ల కిందట, కాలేజీ నాటి మిత్రుడు చేబదులు అడిగితే డబ్బంతా పెట్టుబడుల్లో ఉందన్నాను. అప్పటినుంచి మాటల్లేవు. ఆయన అడిగిన మొత్తం ఇప్పుడు పంపించేయనా? పట్టిక జతచేస్తున్నాను.

జవాబు: పంపకండి. రెండేళ్ల తర్వాత, అడక్కుండా ఖాతాలో పడిన డబ్బు ఆయనకు సాయంలా కనిపించదు. మీరు చేతులు దులుపుకున్నట్టు కనిపిస్తుంది.

అప్పుడు లేదనడం తప్పా అంటే, డబ్బు లెక్కలో తప్పేమీ కాదు. కాకపోతే ఇవ్వడానికీ లేదనడానికీ మధ్య చాలా చోటుంది. చేబదులు విషయంలో నేను చూసేవి రెండే: అది తిరిగి రాకపోయినా ఇల్లు గడవాలి, ఆ మనిషి ఎదురుపడితే మీ మొహం మాడకూడదు. ఈ రెండిటికీ తట్టుకునేంతే ఇవ్వాలి, అడిగినదాంట్లో పదో వంతే అయినా సరే. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి మీకుంది. దాన్ని ముట్టుకోకుండానే కొంత సర్దగలిగేవారు. హామీ సంతకం సంగతి వేరు. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే మొత్తం మీ నెత్తినే పడుతుంది, కొంచెంతో పోదు. ఎంత ప్రాణస్నేహితుడైనా అక్కడ వెనకాడండి.

అసలు ఆయన దూరమైంది మీరు లేదన్నందుకు కాదేమో. ఇంత వివరంగా రాసిన మీ ఉత్తరంలో ఆయనకు డబ్బెందుకు కావలసి వచ్చిందో ఒక్క ముక్క లేదు. అడిగారా?

ఇక పట్టిక. చాలా శుభ్రంగా వేశారు, నాది కూడా ఇంత బాగుండదు. అందులో నా చూపు ఆగింది 'శనివారం అదనపు పని' అన్న గడి దగ్గర. వారానికి 6 గంటలు, ఏడాదికి 48 వారాలు, అంటే 288 గంటలు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు స్నేహం కుదరడానికి ఎంతసేపు కలిసి గడపాలో లెక్కగట్టారు. 2018లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం ముఖపరిచయం కాస్త స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, ఆప్తమిత్రుడు కావడానికి 200 గంటల పైమాటే. కలిసి పనిచేసిన గంటలు అందులో అంతగా అక్కరకు రావట. ఆఫీసు నిండా మనుషులున్నా మీకు ఫోన్ చెయ్యడానికి ఒక్కరూ తోచకపోవడం అందుకే నాకు వింతగా అనిపించలేదు. ఏటా ఒక ఆప్తమిత్రుడికి పట్టేంత సమయాన్ని మీరు అమ్మేస్తున్నారు.

దాని ధర ఎంతో చూద్దాం. మీ ఆస్తి మీ ఏడాది పొదుపుకు ఆరు రెట్లుంది. ఆ పొదుపులో శనివారం సంపాదన ఐదో వంతు. ఏటా 8 శాతం వృద్ధి అనుకుంటే, శనివారం పని పూర్తిగా మానేసినా పదేళ్లకు చేరే లక్ష్యం దాదాపు పదకొండేళ్లకు చేరుతుంది. పోయేది ఒక్క ఏడాది. చేతికి మిగిలేవి దాదాపు మూడు వేల గంటలు. అప్పుల్లో ఉన్నవాళ్లకు నేనీ సలహా ఇవ్వను, వాళ్లకు శనివారం సంపాదన ప్రాణాధారం కావచ్చు. మీకు గృహరుణం కూడా తీరిపోయింది.

స్నేహం కూడా ఒక పెట్టుబడే అని నాతో అనిపించకండి. పెట్టుబడైతే రాబడి చూడాలి, రానప్పుడు అమ్మేయాలి. నేను చెప్పేది మీ గంటల ఖర్చు గురించే. డబ్బయితే ఆలస్యంగా మొదలుపెట్టినా, పెద్ద మొత్తం వేసి కొంత సర్దుకోవచ్చు. రిటైరయ్యాక ఒకేసారి మూడు వేల గంటలు పట్టుకెళ్లినా, తీసుకోవడానికి అవతల మనిషి ఖాళీగా ఉండాలి కదా!

ఆయనకు ఫోన్ చెయ్యండి. కొత్త సంవత్సరం శుభాకాంక్షలంటూ అందరికీ పంపే సందేశంలో ఆయన్నూ కలిపేయకండి. డబ్బు మాట మీరు ఎత్తకండి. ఆయనే ఎత్తితే, అప్పుడేం జరిగిందో ఈసారైనా పూర్తిగా వినండి. ఇప్పటికీ అవసరముంటే పైన చెప్పిన లెక్కతో ఇవ్వగలిగినంత ఇచ్చి, ఇద్దరూ ఒక కాగితం మీద రాసుకోండి. నమ్మకం లేక కాదు, మతిమరుపు తెచ్చే గొడవలకు భయపడి. మొదటిసారి ఆయన ఫోన్ ఎత్తకపోవచ్చు. మళ్లీ శనివారం చెయ్యండి. ఆ రోజు ఇక మీకు ఖాళీయేగా.