కార్బన్ సరిహద్దు పన్ను: ఉద్గారాల ధ్రువీకరణ బాధ్యత ఎగుమతి వ్యాపారిదా?

ప్రశ్న: మేము నెల్లూరు నుంచి వచ్చి చెన్నై షావుకారుపేటలో స్థిరపడిన వ్యాపారులం. అంబత్తూరులోని మూడు చిన్న ఫ్యాక్టరీల నుంచి ఇనుప బోల్టులు, నట్లు కొని జర్మనీలోని ఒక కంపెనీకి ఎగుమతి చేస్తున్నాం. ఈసారి ఒప్పందంలో, సరుకు తయారీలో వెలువడిన కార్బన్ లెక్కను గుర్తింపు పొందిన సంస్థ చేత ధ్రువీకరింపజేసి ఇవ్వాలని, లేకపోతే వారికి కలిగే నష్టమంతా మేమే భరించాలని రాశారు. చట్టప్రకారం ఆ బాధ్యత మాదేనా? ఫ్యాక్టరీల పేర్లు చెబితే మమ్మల్ని తప్పించి నేరుగా కొంటారేమోనన్న భయం కూడా ఉంది.

జవాబు: ఆ షరతు ఇప్పుడున్న రూపంలో ఉండగా సంతకం చేయవద్దని మీకు గట్టిగా చెబుతున్నాను. దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌పై పన్ను వేసేందుకు యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన 956వ నంబరు నిబంధన 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో అమలులోకి వచ్చింది. దాని 8వ అధికరణం ప్రకారం, ప్రకటించిన ఉద్గారాలకు ధ్రువీకరణ ఉండేలా చూసుకోవలసినది అక్కడి దిగుమతిదారు తరఫున ఉద్గారాల లెక్కను అక్కడి ప్రభుత్వానికి దాఖలు చేసే అధికారం పొందిన డిక్లరెంటే తప్ప, చెన్నైలోని ఎగుమతిదారు కాదు. కానీ మీరు సంతకం చేసిన క్షణం నుంచి ఆ భారం ఒప్పందం ద్వారా మీ మీదికి వస్తుంది. మన కాంట్రాక్టు చట్టం 124వ సెక్షన్ గుర్తించే నష్టభర్తీ హామీని మీరు పరిమితి లేకుండా ఇచ్చినట్లవుతుంది. జర్మనీ కోర్టు డిక్రీని ఇక్కడ నేరుగా అమలు చేయించుకునే వీలు వారికి లేకపోయినా, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) క్లాజు ఉంటే ఆ అవార్డును 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కింద మద్రాసు హైకోర్టులో అమలు చేయించుకోగలరు.

బోల్టులు, నట్లు కస్టమ్స్ వర్గీకరణలోని 7318 శీర్షిక కింద ఈ పన్ను పరిధిలోకి వస్తాయి. 2025లో చేసిన సవరణ ప్రకారం ఏడాదికి 50 టన్నుల లోపు సరుకు తెప్పించుకునే దిగుమతిదారుకు మినహాయింపు ఉంది. అయితే ఆ 50 టన్నులు మీరు పంపే బరువు కాదు, ప్రపంచంలోని అన్ని దేశాల నుంచి ఆయన తెప్పించుకునే పన్ను వర్తించే సరుకు మొత్తం. కాబట్టి మీది చిన్న వ్యాపారమన్న కారణంతో ధీమా పడకండి. ఆయన మొత్తం దిగుమతి ఎంతో లిఖితపూర్వకంగా అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, నిజమైన ఉద్గారాల లెక్క చూపినప్పుడే ధ్రువీకరణ కావాలి. యూరోపియన్ కమిషన్ ప్రకటించిన డిఫాల్ట్ విలువలు (నిజమైన లెక్కకు బదులు వాడే ప్రామాణిక అంకెలు) వాడుకుంటే ధ్రువీకరణ అవసరం లేదు, కాకపోతే వాటికి అదనపు శాతం కలిపి ఉంటుంది గనుక పన్ను ఎక్కువ పడుతుంది. అంటే మీ రిపోర్టు అందకపోయినా మీ కొనుగోలుదారు చట్టబద్ధంగా దిగుమతి చేసుకోగలరు. ఆయనకు కలిగే నష్టం ఆ రెండు లెక్కల మధ్య తేడా మాత్రమే. మీ హామీని ఆ తేడాకే, అదీ ఆ సరుకు ఇన్వాయిస్ విలువలో ఇంత శాతం దాటకుండా, పరిమితం చేయమని పట్టుబట్టండి.

ఇక ధ్రువీకరణ జరిగేది ఫ్యాక్టరీకి, మీ గోడౌనుకు కాదు. ధ్రువీకర్త యూరోపియన్ యూనియన్ సభ్యదేశపు అక్రిడిటేషన్ సంస్థ నుంచి గుర్తింపు పొంది ఉండాలి. ఐఎస్ఓ సర్టిఫికెట్ గానీ, ఇక్కడి కన్సల్టెంటు సంతకం చేసిన ఎక్సెల్ షీటు గానీ దాని స్థానంలో చెల్లవు. తెలిసి తప్పుడు లెక్క పంపితే అది కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసం అవుతుంది. బోల్టు ఫ్యాక్టరీలో వెలువడేది స్వల్పం, ఉద్గారాల భారం దాదాపు అంతా బోల్టుల తయారీకి వాడే ఉక్కు కడ్డీ అయిన వైర్ రాడ్‌లోనే ఉంటుంది. ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్‌లో తయారైన వైర్ రాడ్‌కూ, స్క్రాప్ కరిగించి చేసిన దానికీ టన్నుకు వెలువడే కార్బన్‌లో చాలా తేడా ఉంటుంది. ఉక్కు మిల్లు ఇచ్చే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ మీద ముద్రించే హీట్ నంబరే (ఉక్కు కరిగించిన ఒక్కో విడతకు ఇచ్చే నంబరు) ఏ బోల్టు ఏ ఉక్కు నుంచి వచ్చిందో చెప్పగల ఆధారం. చిన్న ఫ్యాక్టరీలలో పాత సర్టిఫికెట్లు పారేయడం నేను చూస్తూనే ఉన్నాను. ఈ నెల నుంచే ప్రతి లాట్‌కూ ఆ కాగితం కాపీ తీసుకోండి. మూడు ఫ్యాక్టరీలకూ మూడు వేరువేరు ధ్రువీకరణలు కావాలి కనుక, జర్మనీ సరుకు ఒకరి దగ్గరే తీసుకోవడం ఖర్చు దృష్ట్యా మేలు.

పేర్ల విషయంలో మీ భయం న్యాయమైనదే. ధ్రువీకరణ రిపోర్టులో ఫ్యాక్టరీ పేరు ఉండక తప్పదు గనుక దాచడం కుదరదు. ఒప్పందం నడుస్తున్నంతకాలం మీ ద్వారా తప్ప కొనకూడదన్న షరతును రాయించుకోండి. ఒప్పందం ముగిశాక కూడా వర్తించేలా రాస్తే వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవదు.

మీ ఫ్యాక్టరీలవారు ఎంఎస్ఎంఈ చట్టం కింద సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమలుగా నమోదై ఉంటే మరొక జాగ్రత్త అవసరం. రిపోర్టు రాలేదని జర్మనీవారు మీ డబ్బు ఆపినా, మీరు మాత్రం రాతపూర్వకంగా గడువు రాసుకుని ఉంటే ఆ గడువులోగా (అది సరుకు స్వీకరించిన 45 రోజులు దాటకూడదు), లేకపోతే 15 రోజులలోపు ఫ్యాక్టరీలకు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. అందుకని ఉద్గారాల వివరాలు ఇవ్వడం సరఫరాలో భాగమేనని పర్చేజ్ ఆర్డరులోనే రాయండి, అవి అందకపోతే సరుకు చేరిన 15 రోజులలోపు అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా తెలపండి.

2026లో దిగుమతైన సరుకుకు వారు డిక్లరేషన్ దాఖలు చేయవలసిన గడువు 2027 సెప్టెంబర్ 30. మీ రిపోర్టుకు ఆ సంవత్సరం జూన్ వరకైనా గడువు అడగండి, ముసాయిదాలో ఈ మార్పులు చేరిన తరువాతనే సంతకం చేయండి.